మూడో పన

ఆనాడు పొలంలో ఉన్నవారు, ఉన్న వరుసలోనే చెప్పాలంటే, వీరు. అందరికన్నా ముందు మాతురేన్, ఒర్వీల్ ఊరి కోతగాళ్ళకు పెద్ద. అతని వెనుక అతని భార్య రొజాలీ. అతనికి కుడివైపున, నాలుగడుగులు వెనుకగా ఇసిదోర్ కారోన్. అతని వెనుక అతని భార్య సిడోనీ. ఇసిదోర్‌కు కుడివైపున, మరో నాలుగడుగులు వెనుకగా లుబేన్, పెళ్ళికాని కూలివాడు. అతని వెనుక నడవడానికి సొంత ఆడమనిషి లేనందువల్ల ఇసిదోర్ తల్లి అపొలీన్, అరవైమూడేళ్ళ మనిషి. గట్టుమీద తెల్లగొడుగు కింద, మడతకుర్చీలో, పారిస్ నుంచి వచ్చి ఊళ్ళో ఇల్లు తీసుకున్న చిత్రకారుడు బ్రేవల్ గారు. మొత్తం ఏడుగురు. కామందును అడిగితే మాత్రం పొలంలో మూడు కొడవళ్ళు దిగాయని చెప్పేవాడు. అందులో అబద్ధమూ లేదు. నిలువెత్తు పిడి గల కొడవలితో మగవాడు కోస్తూ ముందుకు పోతుంటే, వెనుక ఆడది వంగి ఆ గోధుమను చేతులనిండా ఎత్తి, గడ్డితాడు మెలిపెట్టి పనగా కడుతుంది. వారిద్దరినీ కలిపి ఎప్ట్ ఏటి పొడవునా "ఒక కొడవలి" అంటారు. సిడోనీ పెళ్ళయిన మొదటి ఆగస్టులో ఆ మాట విని, తనకూ చేతికి ఒక కొడవలి ఇస్తారు కాబోలని అనుకుంది. అత్తగారు ఆ మాటను ఊరంతా చెప్పి పదకొండేళ్ళు నవ్వించింది.

ఈ వరుస సిడోనీకి కంఠస్థమైపోవడానికి కారణం ఉన్నది. కోతలు ముగిసిన తరువాత, నవంబరు నుండి ఏప్రిల్ దాకా, వారానికి రెండు మధ్యాహ్నాలు ఆమె బ్రేవల్ గారి కొట్టంలో వంగి నిలుచున్నది. పొలం గట్టున ఆయన చిన్న చిన్న చెక్కపలకలమీద గబగబా వేసుకున్నవి నమూనాలు మాత్రమే. అసలు చిత్రం గోడంత గుడ్డమీద, చలికాలమంతా, చుక్క పక్కన చుక్కగా వేశాడు. ఆయన రంగులు కలపడు. పసుపు పక్కన ఊదా, నారింజ పక్కన నీలం, దేనికదే విడిగా పెడతాడు. కలుపుకోవలసినది చూసేవాడి కన్ను. ఆయన ఆ మాట చెప్పినప్పుడు సిడోనీకి అర్థమైనది ఒక్కటే. ఒక్క నిమిషంలో జరిగిపోయిన పనికి ఈయనకు ఆరునెలలు పడుతుంది. ఆ ఆరునెలలూ తాను ఆ నిమిషంలోనే ఉండాలి.

"కదలకండి సిడోనీ. ఆ వంపు అలాగే ఉండనివ్వండి. అబ్బ, ఎంత సహజంగా ఉంది!"

సహజం అనే మాటను ఆమె ఆ కొట్టంలో చాలాసార్లు తలకిందులుగా విన్నది, తల కిందికే ఉండేది గనుక. పొలంలో ఎవరూ వంగి నిలబడరు. వంగుతారు, ఎత్తుతారు, మోకాలితో అదుముతారు, మెలిపెడతారు, వదులుతారు, ముందుకు పోతారు. నొప్పి వెనుకనుంచి వస్తూ ఉంటుందిగాని అందుకోలేదు. ఇక్కడ నిలబడితే అందుకుంటుంది. నడుములో మొదలై తొడల్లోకి దిగి, అక్కడినుంచి మెల్లగా పాత సంగతుల్లోకి పోతుంది. బ్రేవల్ గారు మర్యాదస్తుడు. పొయ్యి వెలిగించేవాడు, మధ్యలో వేడిపాలు ఇప్పించేవాడు, "అమ్మా" అని పిలిచేవాడు. రేపటి లోకంలో పని అంతా ఇలాగే వెలుగులో, పాటలా, అందరిదిగా ఉంటుందని, ఆ లోకాన్ని ముందుగా చూపించడానికే ఈ చిత్రమని చెప్పేవాడు. ఆ వంగుడుకు ఇవ్వవలసినది మాత్రం నెలకొకసారి ఇసిదోర్ చేతిలో పెట్టేవాడు. అది ఆయనకూ తప్పుగా తోచలేదు, నిజం చెప్పాలంటే ఆమెకూ తోచలేదు.

ఇసిదోర్ ఒకనాడు అలా వచ్చినప్పుడు చిత్రానికి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూశాడు.

"ఇదేంటి అయ్యగారూ, మా ఆడదానికి మశూచి తెప్పించారే!"

బ్రేవల్ గారు నవ్వి, అతని భుజం పట్టుకొని ఆరడుగులు వెనక్కి లాగాడు. "ఇక్కణ్ణుంచి చూడవయ్యా."

"ఓహో!" అన్నాడు ఇసిదోర్. "ఇక్కణ్ణుంచి బాగానే ఉంది. అయినా పెళ్ళాం ఎవడికైనా ఈ దూరాన్నుంచే బాగుంటుంది." తన మాటకు తానే నవ్వుకొని, తల పక్కకు వంచి, చిత్రంలో కుడివైపున లుబేన్ వెనుక నేలమీద పడివున్న పెద్ద పనవైపు వేలు చూపించాడు. "ఇదిగో, ఈ మూడోది భలే కుదిరింది. బంగారం ముద్దలా ఉంది."

వంగి ఉన్న సిడోనీ ఆ వేలు ఎటు చూపుతున్నదో చూసింది. ఆ పనను అతను గుర్తుపట్టలేదు. దానిమీద మొదటి పిడికెడు గోధుమ వేసినది అతనే.

కోతల చివరి రోజున ఆ ప్రాంతంలో ఒక వేడుక ఉన్నది. ఆఖరి చాలు కోసేటప్పుడు వెనుక నడిచే ఆడవాళ్ళలో పెద్దది ఆ చాలులో వెల్లకిలా పడుకుంటుంది. ఆమెమీద గోధుమ కప్పి, రొమ్ముకొక తాడు, మోకాళ్ళకొక తాడు వేసి, మనిషంత పనగా కడతారు. ముఖం కూడా కనిపించకూడదు. దానిని "ముసలమ్మను కట్టడం" అంటారు. ఆ పనను బండికెత్తి, పాడుకుంటూ కామందు వాకిట దించి విప్పితే, ముసలమ్మ చీదుకుంటూ, తిట్టుకుంటూ లేచి ఆపిల్ కల్లు మొదటి గ్లాసు తాగుతుంది. పద్నాలుగేళ్ళుగా ఆ ముసలమ్మ అపొలీనే. ఆ గ్లాసంటే ఆమెకు పిచ్చి. లోకంలో ఆమెకు మొదటగా అందే వస్తువు అదొక్కటే.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఇంకా రెండు చాళ్ళు మిగిలి ఉండగానే, అపొలీన్ పడుకున్నది. మొదట మోకాళ్ళమీద కూలి, తరువాత పక్కకు ఒరిగి, ఆ తరువాత వెల్లకిలా. చూసినవాడు లుబేన్, అరిచినవాడు మాతురేన్.

"ఇంకా రెండు చాళ్ళుండగానే ముసలమ్మ పక్కేసిందర్రోయ్!"

"గ్లాసు గుర్తొచ్చుంటుంది!" అన్నది రొజాలీ.

"లే అమ్మా, కల్లు ఇంకా పీపాలోనే ఉంది!" అని ఇసిదోర్ కేకేశాడు. ఆమె లేవలేదు. అందరూ పగలబడి నవ్వారు, ముసలిది ఈ ఏడు వేషం బాగా కట్టిందని. గట్టుమీద బ్రేవల్ గారు కూడా నవ్వుతూ కొత్త చెక్కపలక తీశాడు. ఇసిదోర్ ఒక పిడికెడు గోధుమ తల్లి ముఖంమీద వేసి సిడోనీవైపు తిరిగాడు. "కట్టవే! అత్తను కట్టిపడేసే అదృష్టం ఏ కోడలికి దొరుకుతుందీ!"

ఆమె వెళ్ళి మోకాళ్ళమీద వంగింది. ఇంకొకరెవరూ వంగలేదు కనుక ఇంకొకరెవరికీ తెలియలేదు. అపొలీన్ ఒంటిమీద చెమట లేదు. అంత ఎండలో, తెల్లవారకముందు నుంచి వంగిన ఒంటిమీద ఒక్క చుక్క చెమట లేదు. రొట్టెలు తీసిన పొయ్యిలాగా పొడిగా, మండుతూ ఉన్నది. పెదవులు కదులుతున్నాయి గాని మాట లేదు. కప్పిన గోధుమ కిందనుంచి ఒక చేయి బయటికి వచ్చి సిడోనీ నడుముకు కట్టుకున్న ముందుగుడ్డ అంచును పట్టుకొని లాగింది. గట్టిగా కాదు. పిల్లలు లాగినట్లు, రెండుసార్లు.

ఆ క్షణాన సిడోనీ ఏమి ఆలోచించిందన్నది ఆమె తరువాత ఆరునెలలు వంగి నిలబడి తవ్వుకున్నది. తొందరలో ఏమీ ఆలోచించలేదని చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించింది. అది నిజం కాదు. ఆమెకు తొమ్మిదేళ్ళ కిందటి ఆగస్టు గుర్తుకు వచ్చింది, ఏడో నెల కడుపుతో ఇదే ఏటి ఒడ్డున మరొక పొలంలో, నడుము విరిగిపోతున్నట్లుండి, కాసేపు కూర్చుంటానని అడిగినప్పుడు అత్తగారు తలెత్తకుండానే అన్న మాట. "కూర్చుంటే లేవలేవు. వంగే ఉండు. వంగి ఉంటే నొప్పి తెలీదు. మేమంతా కనలా?" ఆ సాయంత్రం పుట్టిన మగబిడ్డ ఏడవలేదు. మర్నాడు ఉదయం మళ్ళీ చాలులో నిలబెట్టినప్పుడు, "నీ మూలంగా నిన్న నా కొడుకు వరుస తప్పి తలవంచుకున్నాడు" అన్నదీ ఆ నోరే. కోడలు ఉప్పు ఎక్కువ వేస్తుందని, సబ్బు ఎక్కువ అరగదీస్తుందని, ఆదివారంనాడు చర్చిలో కూర్చున్నప్పుడు కాళ్ళు చాపుతుందని చెప్పినదీ ఆ నోరే. ఇప్పుడు ఆ నోరు మాటలేకుండా కదులుతున్నది. సిడోనీకి జాలి కలగలేదు. ఆమెకు కలిగినది ఏమిటంటే, ఒకమాటు ఉండనీ అని. కాసేపు పడుకోనీ, అడగనీ, ఎవరూ వినకపోవడం ఎలా ఉంటుందో తెలుసుకోనీ. చంపాలని అనుకోలేదు. ఒక చాలు అయ్యేంతసేపు, అనుకున్నది.

మాతురేన్ కొడవలి మళ్ళీ ఊపాడు. ముందు కొడవలి కదిలితే వెనుకవన్నీ కదలాలి. వెనుక నడిచేవారికి ఆగమనే హక్కు లేదు, ఏనాడూ లేదు. అయినా నోరు ఉన్నది. ఆమె ముందుగుడ్డను విడిపించుకొని, రొమ్ముకొక తాడు, మోకాళ్ళకొక తాడు వేసి, మెలి బిగించింది. చేతిని కూడా లోపలికి పెట్టి కట్టింది. ఆ పైన రెండు చాళ్ళూ తన వరుసతోపాటు అపొలీన్ వరుస కూడా తానే కట్టింది. ఒక చాలు రెండయ్యింది. దాదాపు రెండు గంటలు. పనను నలుగురు ఎత్తి బండిమీద వేశారు. ఊరి పొడవునా పాడారు. కామందు వాకిట తాళ్ళు విప్పినప్పుడు, మొదటి గ్లాసు పట్టుకొని నవ్వుతూ నిలబడినది కామందు భార్య.

ఆ తరువాత అంతా పద్ధతి ప్రకారం జరిగింది. పొలంలో చచ్చిపోయిందంటే పోలీసులు వస్తారు, ప్రశ్నలు వస్తాయి. పైగా కొడుకే తల్లిమీద గడ్డి కప్పాడన్న మాట ఊరికి ఏమి గౌరవం? కాబట్టి అపొలీన్ కారోన్ సొంత ఇంట్లో, సొంత మంచంమీద, వయసు పైబడి మరణించినట్లు ఇసిదోర్, మాతురేన్ సాక్షులుగా మేయరు కచేరీలో రాయించారు. మరునాడు సిడోనీ ఒక్కతే కచేరీకి వెళ్ళి, నేను చూసినది చెబుతాను, రాసుకోండి అన్నది. గుమాస్తా కళ్ళజోడు పైకి నెట్టి, "మరణానికి సాక్షులు ఇద్దరు మగవాళ్ళుండాలమ్మా. ఆడదాని సంతకం ఇక్కడ చెల్లదు. నీ మొగుడు పెట్టాడుగా, చాలు" అన్నాడు.

చర్చిలో ఒప్పుకోలు పీటముందు మోకరించి చెప్పింది.

"ఆమె బతికే ఉందని నాకు తెలుసు, ఫాదరుగారూ. ఆగమని లాగింది. నేనే కట్టాను."

"ఎండదెబ్బకు నీకూ బుర్ర తిరిగింది, తల్లీ. ఆవిడ వరుస కూడా నువ్వే కట్టావని ఊరంతా చెప్పుకుంటున్నారు. నీలాంటి కోడలు ఎక్కడుంటుంది? నీ మంచితనమే నిన్నిలా పొడుస్తోంది. ఆవిడ ఆత్మకోసం పదిమార్లు జపం చెప్పుకో, పో."

తరువాతి ఆదివారం ఆయన పేరు పెట్టకుండా ఒక ఉత్తమురాలైన కోడలి గురించి ప్రసంగించాడు. అందరూ వెనక్కి తిరిగి ఆమెను చూశారు.

చివరికి ఒక సాయంత్రం సూపు గిన్నెలముందు ఇసిదోర్‌తో చెప్పింది. "మీ అమ్మ నన్ను లాగింది. కట్టేటప్పుడు."

అతను చాలాసేపు రొట్టెముక్కను గిన్నెలో తిప్పాడు. అతనికి తెలుసునో తెలియదో ఆ ముఖంలో చదవడం కష్టం. "ఊరుకోవే. కట్టమన్నది నేను. కట్టింది నేనే అనుకో, పోనీ. నీ చెయ్యి కడితేనేం, నా చెయ్యి కడితేనేం? ఒక కొడవలేగా." అది దయతో అన్న మాట. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను ఆమెతో అంత మెత్తగా మాట్లాడినది ఇంకొకటి లేదు. ఆ మెత్తదనానికే ఆమె భయపడింది.

కట్టిన పనలు తనవి కాకుండా పోవడానికి ఆమె ఏనాడో అలవాటు పడింది. వండినది కారోన్‌ల వంట, ఉతికినది కారోన్‌ల బట్ట, పోగొట్టుకున్నది కారోన్‌ల బిడ్డ. అయితే ఇది? కచేరీ తీసుకోలేదు, చర్చి తీసుకోలేదు, మొగుడు తీసుకొని తన జేబులో వేసుకున్నాడు. ఎవరూ ఆమెను శిక్షించలేదు, ఎందుకంటే ఎవరూ ఆమెను నమ్మలేదు. ఎందుకు నమ్మలేదంటే, ఆ పని చేయడానికి కావలసిన మనస్సు ఆమెకు ఉన్నదని ఎవరికీ తోచలేదు. పుణ్యమంతా చెప్పకుండానే ఆమె నెత్తిన పోశారు. పాపం చేసేంత మనిషిగా మాత్రం ఒక్కరూ ఒప్పుకోలేదు. కొట్టంలో వంగి నిలుచున్న ప్రతి మధ్యాహ్నమూ ఆమె ఈ దారినే నడిచింది. ఆ దారి చివర ప్రతిసారీ బ్రేవల్ గారి కుంచె చప్పుడు వినిపించేది, గోధుమగింజలు ఒక్కొక్కటే చెక్కమీద రాలినట్లు.

ఏప్రిల్ మూడోవారంలో చిత్రం పూర్తయింది. మరునాడు ఉదయం పెట్టెలో పెట్టి పారిస్ ప్రదర్శనకు పంపాలి. ఆ మధ్యాహ్నం బ్రేవల్ గారు ఆమెను మొదటిసారిగా నిటారుగా నిలబడి చూడమన్నాడు. ఆరడుగుల వెనుకనుంచి చూసింది. ఎండ నిజంగానే మండుతున్నట్లున్నది. ముగ్గురు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఆ ఇద్దరి ముఖాలూ తనవే. మూడో ఆడమనిషి ఉండవలసిన చోట పన.

"'కోత చివరి రోజు, ఆనందం' అని పేరు పెట్టాను. కన్ను ఎటునుంచి వచ్చినా మూడో పనమీదే ఆగుతుంది, గమనించారా? దాని ఒక్కదానికే పదకొండు వారాలు పట్టింది. ఆ రోజు మీరంతా అంతగా నవ్వుతుంటే..."

"దాంట్లో మా అత్త ఉంది, అయ్యగారూ."

"తెలుసమ్మా. ఆ వేడుక చూశానుగా. పాపం, తరువాత ఇంట్లో పోయారని విన్నాను."

"ఇంట్లో కాదు. దాంట్లోనే."

ఆమె కూర్చోలేదు, ఏడవలేదు. మూడు గంటలకు పడిపోవడం, చెమటలేని ఒళ్ళు, రెండుసార్లు లాగడం, రెండు చాళ్ళు, అన్నీ జరిగిన వరుసలో చెప్పింది. తొమ్మిదేళ్ళ కిందటిది కూడా చెప్పింది. బ్రేవల్ గారు మధ్యలో పొయ్యిదగ్గరికి వెళ్ళి, మళ్ళీ వచ్చాడు. చివరికి ఆయన ముఖం పాలిపోయి ఉన్నది.

"నేను చూస్తూనే ఉన్నాను," అన్నాడు. "ఆ రెండు గంటలూ దాన్నే చూశాను. నీడ ఊదాలోకి తిరుగుతోందని... దేవుడా." పలకమీది పాత రంగును గీకే కత్తి అందుకున్నాడు. "దీన్ని తీసేస్తాను. అక్కడ వట్టి నేల వేస్తాను."

"వద్దు! తీసేస్తే ఆవిడ అసలే లేనట్టవుతుంది. ఇప్పటికే మంచంమీద పోయిందని రాశారు."

"మరేం చెయ్యమంటారు? ఇలా ఎలా పంపను?"

"ఇలాగే పంపండి. వెనక్కి తిప్పండి. నాకు రాయడం వచ్చు. సన్యాసినుల బడిలో మూడేళ్ళు చదివాను."

ఆయన ఆమెవైపు తిరిగాడు. ఆరునెలలు చూసిన మనిషిని కొత్తగా చూస్తున్నట్లున్నది ఆ చూపు. "మీ ఆయన? ఊరు? ఎవరైనా చదివితే మీ గతేమిటి?"

"మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే," అన్నది. "ఆయనకు ఈ రాత్రి నేనే చదివి చెబుతాను."

"కొన్నవాళ్ళు గోడకు తగిలిస్తారమ్మా. వెనక్కి తిప్పి చూసేవాళ్ళుండరు."

"ఉండకపోనివ్వండి. నేను రాయాలి."

ఆయన గోడంత గుడ్డను రెండు చేతులా పట్టి తిప్పి, చట్రం కదలకుండా భుజం ఆనించి నిలబడ్డాడు. ఏ రంగు కావాలని అడిగాడు. ఏదైనా ఒకటేనన్నది. నిలబడి, చేయి ఎత్తి, కచేరీ గుమాస్తా రాసే పద్ధతిలో, ఒక్కొక్క అక్షరమే, చుక్కలు కాకుండా గీతలుగా రాసింది.

"ఈ చిత్రాన్ని చూచువారందరికీ తెలియజేయడమైనది. పద్దెనిమిది వందల తొంభైవ సంవత్సరం ఆగస్టు నెలలో, ఒర్వీల్ గ్రామంలో, కోతల చివరి రోజున, అపొలీన్ కారోన్ తెల్లవారింది మొదలు మధ్యాహ్నం మూడు గంటల వరకు కూర్చోకుండా పనలు కట్టి, వరుసలో తన చోటనే పడిపోయినది. మూడవ పనలో ఉన్నది ఆమె. అప్పటికి ఆమెకు ప్రాణమున్నది. ఆ పనను కట్టినది ఆమె కుమారుడు కాదు, ఎండ కాదు, అజ్ఞానం కాదు. కట్టినది సిడోనీ అనే నేను. తెలిసి కట్టాను."